దిక్సూచి పట్టుకుని ఇల్లు కొన్నవాడు

చిట్యాలలో ఇల్లు బేరం చేయబోయిన రోజు నా జేబులో దిక్సూచి ఉంది. టేపు లేదు, టార్చిలైటు లేదు. ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు, వీధిపోటు లేదు. ఈసీ కూడా తీయించాను. ఇంకేం చూడాలి?

వెంట వచ్చిన మా మేనమామ గడప దగ్గరే ఆగిపోయాడు. "అల్లుడా, రోడ్డు మీదికున్నదా, ఇల్లు మీదికున్నదా?" అన్నాడు. నేను నవ్వేశాను. వీధిలోంచి ఇంట్లోకి ఒక్కటే మెట్టు. అమ్మ మోకాళ్లకు ఎంత సుఖమో అని మురిసిపోయానే గానీ, కట్టినప్పుడున్న మిగతా మెట్లు ఎటు పోయాయని నాకు తట్టలేదు. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తూ పోతే రోడ్డు లేస్తుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. మెట్లు రోడ్డు కింద ఉన్నాయి.

గోడలకు మోకాలెత్తు వరకు ముదురు గోధుమ రంగు పట్టీ, ఆ పైన లేత పసుపు. అమ్మినాయన అభిరుచిని మెచ్చుకున్నాను కూడా. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన సన్నని గీతలో కొత్త లప్పం కనబడింది. మామ దాన్ని గోటితో గీకబోతే, అమ్మే ఆయన ఏమనుకుంటాడోనని నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. ప్లాస్టరింగు మీద వలలా అల్లుకునే సన్న పగుళ్లు వేరు, వాటితో భయం లేదు. కిటికీ, దర్వాజా మూలల నుంచి ఏటవాలుగా పోయే పర్రె వేరు. నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గట్టి మొరం తగిలేదాకా తవ్వని పునాది దాంతోపాటే లేచి దిగుతుంది, గోడ చీలుతుంది. ఇదంతా మేస్త్రి తర్వాత చెబితే తెలిసింది. మామకు ముందే తెలుసు.

ఇల్లు కొన్నాక, 2023 జులై 27 ఉదయానికి, 24 గంటల్లో చిట్యాలలో 61.65 సెంటీమీటర్ల వాన పడింది. అంతకు పదేళ్ల ముందు వాజేడులో కురిసిన 51.75 సెంటీమీటర్లే అప్పటిదాకా రాష్ట్రంలో రికార్డు. ఆ రోజు లక్ష్మీదేవిపేటలో 64.98 పడి మమ్మల్నీ దాటేసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. దాని ముందు నా గోడల గోల చెప్పుకోవడానికే సిగ్గు. అంత వానకు ఎవరిల్లు తట్టుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత మామూలు ముసురుకూ నీళ్లు గడప దాటాయి. సాకు పోయింది.

తడి ఆరేటప్పటికి గోధుమ రంగు పట్టీ అప్పడంలా పొంగి రాలింది. కింద పాత నీటి చారలు, ఒకదానిమీద ఒకటి. నాకు అభిరుచిగా కనబడింది ఏళ్ల తరబడి ముంపు గుర్తు. స్లాబ్ కూడా ఉరవడం మొదలైంది. డాబా మీద నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించి ఎటు పారుతున్నాయో చూస్తే కొనకముందే తెలిసేది. నేను డాబా ఎక్కాను, ఉత్తరం ఎటో చూసుకుని దిగాను.

పక్కింటి అవ్వను అడిగితే రెండు మాటల్లో చెప్పేదట. బేరం బయటపడి ధర పెరుగుతుందని అడగలేదు, అంత తెలివి నాది.

చివరికి గదుల్లో మొరం నింపి గచ్చు లేపించాను. దాంతో దర్వాజాలు పొట్టివైపోయాయి, పొడుగరులు తలొంచి రావాలి. మామ మాత్రం వంగడు, అరుగు మీదే కుర్చీ వేయించుకుంటాడు. మొన్న అక్కడ కూర్చునే చెప్పాడు, మా వీధికి మళ్లీ కొత్త సీసీ పోస్తారట.