ఓటు ఊళ్లో, గుంత చెంగిచెర్లలో

చెంగిచెర్లలో జనాభా సమస్య ఎప్పుడు మొదలైందో తెలుసుకోవడానికి జనగణన శాఖ దాకా పోనక్కర్లేదు. దారిన పోయే ఎవరినైనా ఆపి, మీ గృహప్రవేశం ఎప్పుడైందని అడగండి చాలు. సమస్య ఆ మరునాడే మొదలై ఉంటుంది. 1998లో ప్లాటు కొన్న పెద్దాయన లెక్కలో ఆ తర్వాత వచ్చినవాళ్లంతా గుంపు. 2010లో డూప్లెక్సు కట్టుకున్నాయన లెక్కలో అపార్ట్‌మెంట్లలో దిగినవాళ్లే ఊరిని పాడుచేశారు. మొన్న దసరాకు మూడో అంతస్తులో పాలు పొంగించిన కుర్రాడు అప్పుడే బాల్కనీలో నిలబడి, ఎదుటి ఖాళీ జాగాలో పునాది గుంతలు తీస్తుంటే చూసి, "ఇట్లైతే ఈ ఏరియా ఏం బాగుపడ్తది" అంటున్నాడు. ఎకరాలు అమ్ముకున్న పాతకాపులు మాత్రం ఈ చర్చలో నోరు మెదపరు. జనం రాకపోతే ఆ ధర ఎక్కడిదో వాళ్లకు తెలుసు.

ఎన్నికల నోటిఫికేషన్ పడిందంటే ఈ తూర్పు హైదరాబాదంతా మేధావులే. అటు నాచారం పారిశ్రామికవాడ గేటు ముందు చాయ్ బండి దగ్గర, ఇటు చెంగిచెర్ల చౌరస్తా టిఫిన్ సెంటర్ దగ్గర, నడుమ ఉప్పల్ రింగురోడ్డులో బస్సు కోసం నిలబడ్డ గుంపులో నడిచేవి మూడే అంశాలు: రోడ్లు, దొంగతనాలు, జనం. 2023 నవంబరులో ఇదే నడిచింది. 2028లో ఏం నడుస్తుందో చెప్పడానికి జ్యోతిషం రానక్కర్లేదు.

"ఏందన్నా, ఈసారి ఎవరికి ఏస్తున్నవ్?"

"ఎవరికైతే ఏంది తమ్మీ, ముందుగాల రోడ్డు ఎయ్యమను."

"రోడ్డు ఏస్తే మళ్ల జనం వస్తరు గదనే."

"అయితే ఎయ్యొద్దను."

ఆ అన్న ప్లాట్ల బ్రోకరు. రోడ్డు వస్తోందని చెప్పి ప్లాటు అమ్ముతాడు, జనం పెరిగారని చెప్పి రేటు పెంచుతాడు. ఈ నియోజకవర్గంలో మాట మీద నిలబడ్డ మనిషి ఆయనొక్కడే అని నా అనుమానం.

ముందు రోడ్డు సంగతే చూద్దాం. వరంగల్ జాతీయ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్. 2018 మే నెలలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. ఖర్చు ఆరు వందల కోట్ల పైమాటే. 2023 ఎన్నికలు వచ్చేనాటికి పిల్లర్లు లేచాయి గానీ పైన రోడ్డు పడలేదు. పైన పడే రోడ్డు కోసం కింద ఉన్న రోడ్డు పోయింది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, ఏడాది పొడుగునా బండి షాకబ్జార్ల మెకానిక్కులకు పండగ. ఇదే నగరంలో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే నాలుగేళ్లలో కట్టి 2009లో తెరిచారు. అది విమానాశ్రయానికి పోయే దారి. మనది ఘట్‌కేసర్‌కు పోయే దారి. తేడా అర్థమైందనుకుంటాను.

2023 మార్చిలో ఆ పిల్లర్లకూ ఒక పని దొరికింది. రాత్రికి రాత్రి వాటి మీద ప్రధాని బొమ్మతో పోస్టర్లు వెలిశాయి, ఈ ఫ్లైఓవర్ ఇంకెన్నేళ్లు కడతారని. అంటించిందెవరో కింద పేరు లేదు. బరువు మొయ్యాల్సిన పిల్లరు అలా నింద మోసింది. కేంద్రం రాష్ట్రాన్ని చూపించింది, రాష్ట్రం కేంద్రాన్ని చూపించింది, తర్వాత ఇద్దరూ కాంట్రాక్టరును చూపించారు. ఓటరు మాత్రం ఎటూ చూడలేదు. చూస్తే గుంతలో పడతాడు కదా.

పోనీ, మనకు పలుకుబడి ఉన్న నాయకుడు లేక పని ఆగిందా? దేశంలోకెల్లా ఎక్కువ ఓటర్లున్న లోక్‌సభ స్థానం మాది, మల్కాజిగిరి. 2024లో 37 లక్షలు దాటారు. 2014లో ఇక్కడ ఎంపీగా గెలిచిన మల్లారెడ్డి గారు తర్వాత మా మేడ్చల్ ఎమ్మెల్యే అయ్యారు, మంత్రి అయ్యారు. పాలమ్మి, పూలమ్మి కష్టపడి పైకొచ్చానన్న ఆయన మాట రాష్ట్రమంతా రీల్స్‌గా తిరిగింది. రీలు తిరిగినంత జోరుగా మా దగ్గర రోడ్డు రోలర్ తిరగలేదు. 2019లో ఎంపీగా గెలిచిన రేవంత్ రెడ్డి గారు ఏకంగా ముఖ్యమంత్రి అయ్యారు. 2024లో గెలిచిన ఈటల రాజేందర్ గారిది శంకుస్థాపన చేసిన కేంద్రాన్ని ఏలే పార్టీయే. మంత్రి మనవాడు, ముఖ్యమంత్రి మనం పంపినవాడు, ఢిల్లీలో ఉన్నదీ మనం ఓటేసిన పార్టీ. ఇంతమంది ఒక్క రోడ్డు మీదుగా పైకి వెళ్లాక ఆ రోడ్డు అరగకుండా ఉంటుందా?

ఎన్నికల ముందు మాత్రం అభివృద్ధి మా వైపు పరుగెత్తుకొస్తుంది. 2023 జూన్‌లో ఉప్పల్ చౌరస్తాలో పాతిక కోట్ల స్కైవాక్ ప్రారంభమైంది. మంచిదే, నడిచేవాడి ప్రాణం దక్కింది. జులై చివర్లో మంత్రివర్గం మెట్రోను నలుదిక్కులా పొడిగిస్తూ 69 వేల కోట్ల ప్రణాళికకు సరేనంది. అందులో ఉప్పల్ నుంచి బీబీనగర్ దాకా 25 కిలోమీటర్ల లైను ఉంది. చెంగిచెర్లలో ప్లాటు ధర ఆ సాయంత్రమే మెట్రో ఎక్కింది. డిసెంబరులో ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం రెండో దశకు కొత్త దారులు గీసింది, వాటిలో బీబీనగర్ లేదు. ప్లాటు ధర మాత్రం ఇంకా మెట్రో దిగలేదు. 2025 జనవరిలో పక్కనే చర్లపల్లిలో నాలుగు వందల కోట్ల పైచిలుకుతో కొత్త రైల్వే టెర్మినల్ తెరిచారు. విమానాశ్రయంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. అక్కడికి వెళ్లే దారులు ఎలా ఉన్నాయో మాత్రం సూట్‌కేసు చక్రాలను అడగాలి.

ఇవన్నీ ఓటర్లు అడిగి, అడిగి, విసిగిపోయాక జరిగిన అన్యాయాలని మీరు అనుకుంటే పొరపాటు. అసలు అడిగిందెవరు? 2023లో పోలింగు నవంబరు 30న, నిండు కార్తీకమాసంలో వచ్చింది. దానికి ముందు ఆదివారాలు ఈ వైపు మామిడితోటలు, ఫంక్షన్ హాళ్లు ఒక్కటి ఖాళీ లేదు. పగలు కులాల వారీగా వనభోజనాలు, సాయంత్రం కాలనీల వారీగా ఆత్మీయ సమ్మేళనాలు. అభ్యర్థి వస్తాడు, శాలువా కప్పించుకుంటాడు, "మీ సమస్యలు చెప్పండి" అంటాడు. అప్పుడు సంక్షేమ సంఘం అధ్యక్షుడు మడతపెట్టిన కాగితం తీస్తాడు. ఆ కాగితంలో ఏముంటుందో నాకు కంఠస్థం: కాలనీ మొదట్లో కమాను, దాని మీద కాలనీ పేరు, పేరు కింద దాతగా అభ్యర్థి పేరు. పార్కులో ఓపెన్ జిమ్. కమ్యూనిటీ హాలుకు కుర్చీలు. గుడికి గ్రిల్లు. సీసీ కెమెరాలు. ఓ బోరు. మురుగు అసలు ఎక్కడికి పోవాలి, మూడు అంతస్తుల పర్మిషన్ మీద అయిదంతస్తులు లేస్తుంటే ఆ ఆరు అంగుళాల పైపు ఏం కావాలి, ఆ ప్రశ్నలు ఆ కాగితంలో ఉండవు. ఉంటే ముందుగా అధ్యక్షుడి పెంట్‌హౌసే లెక్కలోకి వస్తుంది.

అభ్యర్థి మహానందంగా ఒప్పుకుంటాడు. ఎందుకు ఒప్పుకోడు? ఆరు వందల కోట్ల రోడ్డు అడగాల్సినవాళ్లు అరవై కుర్చీలు అడిగారు. బిర్యానీ వడ్డిస్తారు. ఓ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని చట్టం. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా పట్టుబడిన నగదు, మద్యం, బంగారం, కానుకలు కలిపితే ఏడు వందల కోట్లు దాటాయి. పట్టుబడనిది ఎంతో బిర్యానీకే తెలియాలి.

ఇక నేరాలు. చెంగిచెర్లలో దొంగతనం జరిగితే చేసింది ఎప్పుడూ "బయటోళ్లే". ఎవరు బయటివాళ్లో గృహప్రవేశం తేదీ చూసి తేల్చుకోవాలి. పోలీసులు "నేను సైతం" అనే పథకం పెట్టి, కాలనీలే చందాలేసుకుని కెమెరాలు పెట్టుకోమన్నారు. పెట్టుకున్నారు. భద్రత కోసం పన్ను కట్టాం, కెమెరా కోసం చందా కట్టాం, గొలుసు పోయాక ఆ దృశ్యాన్ని వాట్సాప్‌లో స్పష్టంగా చూసుకున్నాం. 2018 జనవరిలో ఇదే చెంగిచెర్లలో ఆయిల్ ట్యాంకర్ పేలి, ఆ మంట టీవీల్లో అందరూ చూశారు. చర్లపల్లి డిపోల నుంచి వచ్చే ట్యాంకర్ల నుంచి ఇంధనం దొంగతనంగా తీసే చోట అది జరిగిందని వార్తలొచ్చాయి. పేలేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదట! పెట్రోలు వాసన అంటే దాచుకునే వాసనా? ఊళ్లోని కబేళా వాసన మీద ఏళ్ల తరబడి ఫిర్యాదు చేయగలిగిన ముక్కులు, ఈ వాసన దగ్గరకు రాగానే జలుబు చేసి మూసుకున్నాయి.

2024 హోలీ వేళ చెంగిచెర్ల పిట్టలబస్తీలో రెండు వర్గాల మధ్య గొడవ జరిగింది. లోక్‌సభ ఎన్నికలకు ఇంకా రెండు నెలలు లేదు. అప్పుడు చూడాలి, ఆరేళ్లుగా ఎవరికీ కనబడని మా దారి నాయకులందరికీ ఒక్కసారిగా కనబడింది. కరీంనగర్ నుంచి కూడా వచ్చారు. బారికేడ్లు, తోపులాటలు, కేసులు, కెమెరాలు. అదే గుంతల మీదుగా వచ్చి, అదే గుంతల మీదుగా పోయారు. ఒక్కరి కారూ ఆగి కిందికి చూడలేదు. దెబ్బలు తిన్న కుటుంబాలకు ఆ రద్దీ వల్ల ఒరిగిందేమిటో వాళ్లే చెప్పాలి.

జనాభా దగ్గరికి మళ్లీ వద్దాం, అసలు తమాషా అక్కడుంది. మేడ్చల్ నియోజకవర్గం సరిహద్దులు గీసింది 2001 జనగణన తలలు లెక్కపెట్టి. 2021లో జరగాల్సిన జనగణన 2027కు పోయింది. 2023లో మేడ్చల్ ఓటర్లు ఆరు లక్షలు దాటారు. భద్రాచలంలో లక్షన్నరకు కాస్త తక్కువ. అక్కడా ఒక్క ఎమ్మెల్యేనే, ఇక్కడా ఒక్క ఎమ్మెల్యేనే. నియోజకవర్గ నిధి ఏడాదికి 5 కోట్లు, అదీ ఒకటే. మేడ్చల్ ఓటరు వాటాకు ఎనభై రూపాయలు కూడా రావు. భద్రాచలం మీద నాకే కోపమూ లేదు, గోదావరి వరదల్లో మునిగే ఊరికి ఇంకా రావాలి. నాగపూర్ రోడ్డు మీది మేడ్చల్‌కూ, వరంగల్ రోడ్డు పక్కన చెంగిచెర్లకూ కలిపి ఒకే మనిషిని పెట్టి, ఆయన కనబడటం లేదని మనం ఫ్లెక్సీలు కడుతున్నాం. ఈ లోపు చెంగిచెర్ల పంచాయతీ పోయి బోడుప్పల్ మున్సిపాలిటీలో కలిసింది, మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది, 2025 చివర్లో కార్పొరేషన్ కాస్తా జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఈ ప్రగతి వల్ల నిశ్చయంగా బాగుపడ్డవాడు బోర్డులు రాసే పెయింటరు.

అయినా ఆ ఆరు లక్షల్లో మనం ఉన్నామా? అదీ అడగాల్సింది. 2023 నవంబరు 29 సాయంత్రం ఉప్పల్ రింగురోడ్డుకు వచ్చి చూసినవాళ్లకు తెలుసు. జనగామ, హనుమకొండ, తొర్రూరు, యాదగిరిగుట్ట బస్సుల కిటికీల్లోంచి తువ్వాళ్లు విసురుతూ వేల మంది. వాళ్లంతా ఓటెయ్యడానికి సొంతూళ్లకు పోతున్న చెంగిచెర్ల, బోడుప్పల్, నాచారం వాసులు. మే 2024లో ఆంధ్రకు ఓటెయ్యడానికి పోయినవాళ్ల కార్లతో విజయవాడ దారీ అంతే. 2023 ఫలితం అంకెల్లో చూడండి. ఒకే వరంగల్ రహదారి మీద అటు భువనగిరిలో పోలింగు తొంభై శాతం దరిదాపుల్లో, ఇటు ఉప్పల్‌లో సగానికి కాస్త అటూ ఇటూగా. హైదరాబాద్ జిల్లా సగం కూడా దాటలేదు. మిగిలినవాళ్లు సెలవు రోజు కదా అని పడుకున్నారు. రెండు చోట్లా ఓటున్నవాళ్ల ప్రస్తావన నేను తేను, ఎన్నికల సంఘం వాళ్లూ తెలుగు చదువుతారు.

ఏడాదికి మూడు వందల అరవై రోజులు చెంగిచెర్ల గుంతల్లో నడుం విరగ్గొట్టుకుని, ఉన్న ఒక్క ఓటునూ తాతగారి ఊళ్లో వేసి, సోమవారం పొద్దున్నే అదే గుంతలో పడి "ఈ నాయకులున్నరే..." అంటారు. ఆ నాయకుడికి మీతో ఏం పని? ఆయన జాబితాలో మీరు లేరు. మీ కమాను ఉంది, మీ అధ్యక్షుడున్నాడు, మీరు లేరు.

కాబట్టి, అయ్యా, అమ్మా, ఇల్లు మారిన ఓటు మార్చుకోవడానికి ఫారం 8 అని ఒకటుంది. ఫోన్లోనే నింపవచ్చు, రీలు చూసే సమయం కూడా పట్టదు. వద్దు, ఓటు మా ఊళ్లోనే ఉంటుంది అంటారా, ఉంచుకోండి, మీ ఇష్టం. అప్పుడు ఉప్పల్ రోడ్డు గురించి, గొలుసు దొంగల గురించి, పెరిగిపోయిన జనం గురించి చెంగిచెర్ల చౌరస్తాలో చర్చ పెట్టకండి. దయచేసి మీ ఊరి సర్పంచినే అడగండి.