బేస్‌మెంట్‌లో పట్టిసీమ

కెనడాలోని ఓక్‌విల్‌లో డండాస్ స్ట్రీట్ దాటి ఉత్తరానికి వెళితే కొత్త ఇళ్ల వరసలు. వరసకొక అన్నగారు ఇంట్లోనే కంప్యూటర్ సర్వర్ పెట్టుకుని ఉండటం ఖాయం. విందులో అందరూ బిర్యానీ దగ్గర మూగితే ఈయన మాత్రం మీ భుజం మీద చెయ్యేసి, "మా బేస్‌మెంట్ చూశారా?" అంటాడు. హోమ్ థియేటరేమో అనుకుని దిగుతారు మీరు. ఫర్నేస్ పక్కన, సోనామసూరి బస్తాకీ ఆవకాయ జాడీకీ నడుమ, ఆ సర్వర్, నల్ల డబ్బా ఒకటి, గుయ్యిమంటూ ఉంటుంది. దణ్ణం పెట్టాలా అక్కర్లేదా అన్నది తేల్చుకోలేక మనం చేతులు కట్టుకుంటాం.

మా అన్నగారు ఈమధ్య కొత్త పూల్ కట్టాడు. ఆ మాటే తణుకులో అత్తగారికి ఫోన్‌లో చెబితే, "అంత చలిలో ఈతేమిటే, అల్లుడుగారికి రొంప పట్టదూ?" అని ఆవిడ కూతుర్ని కోప్పడిందట.

పూల్ అంటే నాలుగైదు డిస్కుల్ని కలిపి ఒకే కొట్టుగా వాడుకునే ఏర్పాటు. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు 2005లో బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ పుణ్యమిది. పాత పూల్ పేరు గోదావరి. ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండోదీ పోయిందా, సర్వం గోదాట్లో కలిసినట్టే. కొత్తదాని పేరు కృష్ణ. రెండు డిస్కులు పోయినా నిలబడుతుంది. పాతదాన్నే అలా మార్చే వీలు జెడ్‌ఎఫ్‌ఎస్‌లో లేదు. కొత్త కొట్టు కట్టుకుని సామాను మోసుకోవాల్సిందే. "గోదావరిని కృష్ణలో కలుపుతున్నా" అన్నాడు మీసం సవరించుకుంటూ. 2015లో పట్టిసీమలో నిజంగా కలిపిన ఇంజనీర్లు కూడా ఇంత ఠీవిగా చెప్పి ఉండరు.

ముహూర్తం శుక్రవారం రాత్రి 11 గంటలకు. పంచాంగం చూసి కాదు, కరెంటు రేటు చూసి. అంటారియోలో ఆయన ఎంచుకున్న ప్లాన్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా యూనిట్ కారుచౌక. పనిదినాల్లో సాయంత్రం 4 నుంచి 9 దాకా దానికి పదింతలు. అదీ ఆయన రాహుకాలం. ఆ వేళలో వదిన వాషింగ్ మెషీన్ ముట్టుకోకూడదు. సర్వర్ మాత్రం ఇరవై నాలుగ్గంటలూ తిరగొచ్చు.

పాత పూల్‌కి స్నాప్‌షాట్ తీసి, కొత్తదానికి సెండ్ కొట్టగానే 12 టీబీ కదిలింది. సెకనుకు 150 ఎంబీ చొప్పున 22 గంటల పైమాటే. శనివారమంతా అన్నగారు పురిటిగది బయట తండ్రిలా మెట్లెక్కుతూ దిగుతూ గడిపాడు. రాత్రి మేం భోజనానికి వెళ్లేసరికి కిందనుంచి "తొంభై!" అని కేక. టీవీలో మ్యాచ్ చూస్తున్న కుర్రాడు ఉలిక్కిపడి "ఎవరూ?" అన్నాడు.

ఇంతకీ ఆ 12 టీబీలో ఏముంది? పెళ్లి వీడియో నాలుగు ప్రతులు, ఎప్పుడో మానేసిన ఉద్యోగం తాలూకు ట్రెయినింగ్ పాఠాలు, "న్యూ ఫోల్డర్ 2" అనే పేరుతో పదకొండు ఫోల్డర్లు. వదిన వడ్డిస్తూ, "నాన్నగారి షష్టిపూర్తి ఫోటో ఒకటి తీసివ్వండి, వీళ్లకు చూపిస్తాను" అంది. "ఇప్పుడా? కాపీ నడుస్తుంటే ముట్టుకోకూడదు!" అన్నాడు, మడి కట్టుకున్నవాడిలా. వదిన తణుకుకి మెసేజ్ పెట్టింది. పెరుగన్నం కలిపేలోగా వాట్సాప్‌లో ఫోటో దిగింది. అన్నగారు కళ్లజోడు పైకెత్తి చూసి, "రిజల్యూషన్ తక్కువ" అని తేల్చేశాడు.

కాపీ అయ్యాక స్క్రబ్ చేయాలట. అంటే రాసిన ప్రతి ముక్కనీ మళ్లీ చదివి, చెక్‌సమ్‌తో సరిచూడటం. "ఆ స్క్రబ్బేదో పైకొచ్చి సింకు దగ్గర చెయ్యండి" అంది వదిన. ఆయనకు వినపడలేదు.

ఆదివారం రాత్రి ఫోన్ చేశాడు. తప్పులు సున్నాట. అభినందించాను. కాసేపు నసిగి, "పాత డిస్కులు నాలుగు మిగిలాయి. పారేయడానికి ప్రాణం ఒప్పట్లేదు. పెన్నా అని పేరు పెడితే ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు.