బకెట్టుకు ఐదు కిలోమీటర్లు

కరెంటు కారులో క్యాంపింగ్‌కి బయల్దేరదలచిన అబిడ్స్, నాంపల్లి వాసులు మొట్టమొదట పాటించాల్సిన నియమం, శుక్రవారం రాత్రి దాకా ఏ ఏర్పాటూ చేసుకోకపోవడం. పెట్రోలు బండికైతే బంకు ఎక్కడుందో చూసుకోవాలి. కరెంటుకి ఆ బాధ లేదు. తెలంగాణలో స్తంభం లేని ఊరుందా? స్తంభం ఉన్నచోటల్లా బంకు ఉన్నట్టే. ఈ లెక్కలో తప్పేమిటో వికారాబాద్ వెళ్లాక దానంతటదే తెలుస్తుంది, ఇప్పుడే తొందరెందుకు?

కారు ఇంకా కొనలేదంటే త్వరపడండి. 2024 నవంబర్ 18న అమల్లోకి వచ్చిన రాష్ట్ర పాలసీ ప్రకారం కరెంటు బళ్లకి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. అలా మిగిలిన డబ్బుతో ఇంట్లో సరైన చార్జర్ మాత్రం బిగించుకోకండి. డేరా కొనండి, మడత కుర్చీలు కొనండి, తలకు కట్టుకునే లైటు కొనండి. చార్జింగ్ సంగతి వేరే వాళ్లింట్లో చూసుకోవచ్చు.

వేరే వాళ్లంటే, గృహజ్యోతి ఉన్న చిన్నత్త. 2024 మార్చి నుంచి నెలకి 200 యూనిట్లలోపు వాడే అర్హులకి జీరో బిల్లు వస్తోంది. అత్త ఫ్యాను, ఫ్రిజ్, సీరియళ్లు కలిపి నెలకి నూట ఇరవై దాటవు. మిగిలిన ఎనభై గాలికి పోతున్నాయని మీరు బాధపడటం సహజం. మీ కారు బ్యాటరీ ముప్పై యూనిట్లదైతే రెండుసార్లు నిండా చార్జింగ్ పెట్టుకోవచ్చు. మూడోసారి కూడా పెట్టండి. రెండు వందలు దాటిన నెల మొత్తం యూనిట్లకీ బిల్లు పడుతుందని అత్తకి మీరు చెప్పనక్కర్లేదు, మీటరు రీడింగ్ తీసే అబ్బాయి చెప్తాడు. ఆ తర్వాత పండక్కి మిమ్మల్ని పిలవకపోతే, అత్తకి పర్యావరణం మీద శ్రద్ధ లేదనుకుని ఊరుకోండి.

అత్త ఇల్లు రెండో అంతస్తు, కారు సందులో. ట్రూప్ బజార్‌లో అడిగితే 16 ఆంప్స్ సాకెట్ అంటారు, దానికి విడిగా ఎంసీబీ అంటారు, మందపాటి రాగి వైరంటారు, ఎర్త్ చూపించుకున్నారా అని ఎదురు ప్రశ్నేస్తారు. అమ్ముకునేవాళ్ల మాటలు. మిక్సీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంట్లోనే ఉంది కదా, బాల్కనీలోంచి కిందికి వదలండి. కారు చార్జింగ్ అంటే రాత్రంతా ఆగకుండా రెండు మూడు కిలోవాట్ల లోడు. మిక్సీలా రెండు నిమిషాల్లో పచ్చడి చేసి ఊరుకునేది కాదు. అర్ధరాత్రి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే కిందింటివాళ్లు ఏదో వండుకుంటున్నారనుకోండి.

ఇక సామాన్లు. తక్కువ బరువుతో వెళ్లమని కొందరంటారు. వాళ్లకి మన పేట చరిత్ర తెలియదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల బాధ్యత చూసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు, ఆ పేరే అబిడ్స్ అయింది. ఆ నిజాం గారి బట్టల బీరువా ఇప్పటికీ పురానీ హవేలీలో ఉంది. రెండు అంతస్తులు, పైకి ఎక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. అలాంటి సంప్రదాయంలో పుట్టి రెండు టీ షర్టులతో అడవికి పోతామా? నుమాయిష్‌లో కొన్న రగ్గులు, బేగంబజార్ టార్పాలిన్, సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలు, మామగారి మడత మంచం, అన్నీ ఎక్కించండి. డిక్కీలో స్టెప్నీ కోసం వెతికి కంగారు పడొద్దు. కొన్ని కరెంటు కార్లకి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఇస్తారు. ఆ కిట్ బిస్కెట్ డబ్బాకి అడ్డం వస్తే తీసి ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.

ఎక్కడికి? మొదటిసారికి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలే మంచివి. నాంపల్లి నుంచి మెహదీపట్నం, అప్పా జంక్షన్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు. అఫ్జల్‌గంజ్ దగ్గర ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. పక్కనే కోటిపల్లి రిజర్వాయర్‌లో పిల్లలకి కయాకింగ్. అడవిలో ఇష్టమొచ్చిన చోట డేరా వేయనివ్వరు, మంట పెట్టనివ్వరు. కాబట్టి ఊళ్ల అంచున ఎవరిదో ఫాంహౌస్‌లో డబ్బులు కట్టి డేరా వేసుకోవాలి. (నాంపల్లి స్టేషన్లో రైలెక్కితే నేరుగా వికారాబాద్‌లో దిగొచ్చు, ఆ రైలూ కరెంటుదే. ఈ వాక్యం మీ ఇంట్లోవాళ్ల కంట పడకుండా చూడండి.)

దూరం విషయంలో బ్రోచర్‌ని భగవద్గీతలా నమ్మాలి. 2020 జనవరిలో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీనే తీసుకోండి. 30.2 యూనిట్ల బ్యాటరీ, ఏఆర్ఏఐ పరీక్షలో 312 కిలోమీటర్లు. నడిపేవాళ్లు మాత్రం రెండు వందలకి అటూ ఇటూ చెప్పుకుంటారు, ఏసీ, స్పీడు, బరువు అంటూ సాకులు వెతుకుతారు. మీరు 312 దగ్గరే నిలబడండి. ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, ముందు వెళ్తున్న బావగారి డీజిల్ బండిని మొయినాబాద్ దాటేలోగా దాటేయండి. కరెంటు కారుకి పికప్ ఉందని ఆయనకి తెలియాలి కదా.

నిజానికి లెక్క అంత భయంకరమైనది కాదు. రెండు వందలే వస్తుందనుకున్నా, పోనూ రానూ నూట అరవై. ఇంకో నలభై మిగులు. నెమ్మదిగా నడిపి, బుద్ధిగా డేరాలో పడుకుని వచ్చేవాడికి మధ్యలో చార్జింగే అక్కర్లేదు. అలాంటివాళ్ల కోసం కాదు ఈ వ్యాసం. ఆ నలభై కిలోమీటర్లని ఎలా ఖర్చుపెట్టాలన్నదే మన విషయం.

ఇప్పుడొస్తున్న కొన్ని కార్లలో వీటూఎల్ అని ఉంటుంది. చార్జింగ్ మూతి దగ్గర ఒక అడాప్టర్ తగిలిస్తే కారులోంచి ఇంటి కరెంటే బయటికొస్తుంది, 3.3 కిలోవాట్ల దాకా. ఇది తెలిసిన క్షణం నుంచి క్యాంపింగ్ అన్న మాట మర్చిపోవచ్చు. రాళ్ల పొయ్యి, కట్టెలు, గిన్నెకి మసి, ఏవీ వద్దు. ఇండక్షన్ పొయ్యి తీసుకెళ్లండి. రెండు కిలోవాట్ల పొయ్యి మీద గంటన్నర దమ్ము బిర్యానీ అంటే మూడు యూనిట్లు, మూడు యూనిట్లంటే ఇరవై కిలోమీటర్లు. స్పీకరు, రంగురంగుల లైట్ల దండ, మామగారి టేబుల్ ఫ్యాను కలిసి రాత్రంతా ఇంకో ఐదు.

అసలు పండగ తెల్లారాక. డిసెంబరులో వికారాబాద్ చలి నాంపల్లి చలిలా ఉండదు. ఆరింటికి మామగారు భుజాన తువ్వాలు వేసుకుని డేరా బయట నిలబడతారు.

"వేడినీళ్లున్నాయా నాయనా?"

ఉన్నాయనాలి. కూతుర్నిచ్చిన మనిషి. బ్యాగులోంచి హీటర్ రాడ్డు తీసి బకెట్లో వేయండి. చన్నీళ్ల బకెట్టు ఒంటికి పట్టేంత వేడెక్కడానికి ముప్పావు యూనిట్ దాకా లాగుతుంది. అంటే ఒక్క బకెట్టుకి ఐదు కిలోమీటర్లు. మామగారు పోసుకున్నాక అత్తగారు పోసుకోకుండా ఉంటారా? తర్వాత వదిన. వదిన పిల్లలిద్దరూ, విడివిడిగా. బావగారు డీజిల్ బండి వేసుకొచ్చినా స్నానం మాత్రం కరెంటుతోనే చేస్తారు, పైగా తలంటు కాబట్టి రెండు బకెట్లు. చివర్లో మీ ఆవిడ. వెరసి ఎనిమిది బకెట్లు, నలభై కిలోమీటర్లు. మీకు మిగిలింది చన్నీళ్లు. డాష్‌బోర్డు మీద అంకె చూసి మీరు తెల్లబోతే, "ఏం బావా, పొద్దున్నే అలా ఉన్నావ్?" అని బావగారు తల తుడుచుకుంటూ అడుగుతారు. సమాధానం చెప్పొద్దు.

ఇప్పుడు స్తంభం సంగతి. ఫాంహౌస్‌లో బోరు మోటారు గది ఉంటుంది, స్టార్టర్ డబ్బా పక్కన ఒక ప్లగ్గు. కేబుల్ తగిలిస్తే దాని పెట్టె మీద ఎర్రలైటు వెలిగి, కారు కరెంటు తీసుకోనని మొండికేస్తుంది. ఎర్త్ లేదని దాని ఫిర్యాదు. ఫాంహౌస్ చూసుకునే అతను బిందె పట్టుకుని వస్తాడు.

"గింతదానికే పరేషానా సారూ? జర ఆగుండ్రి."

గది వెనక బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్త్ గుంత ఉంటుంది. మట్టి ఎండిపోయింది, అంతే. అందులో రెండు బిందెల నీళ్లు పోస్తాడు. కాసేపటికి లైటు పచ్చగా మారుతుంది. ఇంత తేలిగ్గా పని జరిగితే మీ హైదరాబాదీ పరువేం కావాలి? ఎర్త్ లేకపోయినా ఉన్నట్టు కారుని నమ్మించే అడాప్టర్ ఏదో దొరుకుతుందట కదా, అది తెప్పించమని అతన్ని సతాయించండి. "షాక్ కొడితె ఎవలు జిమ్మెదారి సారూ?" అంటాడు. పల్లెటూరివాళ్లకి టెక్నాలజీ ఎక్కదని బావగారితో అనండి, అతనికి వినపడేలా. ఆ తర్వాత అతను మడి తడపడానికి బోరు ఆన్ చేస్తాడు. వోల్టేజీ పడిపోయి మీ చార్జింగ్ ఆగిపోతుంది. కక్ష అనుకోకండి, అది పొలం.

చార్జింగ్ ఆగినా పాటలు ఆగకూడదు. కారు తలుపులు నాలుగూ తెరిచి, లోపలి లైట్లు వేసి, యాక్సెసరీలో పెట్టి పొద్దెక్కేదాకా వినండి. పెద్ద బ్యాటరీలో ఇంకా ఎనిమిది యూనిట్లుండగా బండి చచ్చిపోతే ఆశ్చర్యపడతారు. బానెట్ కింద పెట్రోలు కార్లకి ఉండేలాంటి చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుంది. తలుపుల తాళాలు, స్క్రీను, పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్చులు అన్నీ దాని చేతిలోనే. మీరు పొద్దెక్కేదాకా విన్న పాటలు దాని పొట్టలోవి. అప్పుడు పొరుగు పొలంలోని ట్రాక్టరు రావాలి, దాని బ్యాటరీ నుంచి రెండు వైర్లు మీ కారుకి తగిలించాలి. పొగ కక్కుతూ డుగ్గుడుగ్గుమని ఆ డీజిల్ ట్రాక్టరు మీ నిశ్శబ్దపు కారుని నిద్ర లేపుతుంటే వదిన తప్పకుండా వీడియో తీస్తుంది. తీయనివ్వండి.

తిరుగు ప్రయాణంలో యాభై ఐదు కిలోమీటర్లకి సరిపడా ఉంటుంది, వెళ్లాల్సింది ఎనభై. దారిలో ఫాస్ట్ చార్జర్ కనిపిస్తే ఆగొద్దు. ఆగినా దాని యాప్ మీ ఫోన్లో ఉండకూడదు. డౌన్‌లోడ్ చేయడం, ఓటీపీ, వాలెట్‌లో డబ్బు వేయడం, ఇవన్నీ సిగ్నల్ ఒక్క గీత ఉన్నప్పుడు చేస్తేనే మజా. ఎంత కాదన్నా, ఆగిపోవడానికి ఈ రోడ్డుకి మించింది లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా విస్తరణ కోసం వందల మర్రిచెట్లు కొట్టేస్తారని జనం పోరాడితే కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అలాంటి మర్రి నీడన బండి ఆపుకునే భాగ్యం అందరికీ రాదు. తాడు కట్టి లాగిద్దామని బావగారు ముందుకొస్తారు. కరెంటు కారుని చక్రాలు నేల మీద దొర్లేలా లాగితే మోటారుకి ముప్పు, మొత్తంగా పైకెక్కించుకునే రికవరీ బండి పిలవాలని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మీ ఇంట్లో, పంక్చర్ కిట్ పక్కనే ఉంది.

ఈ పాఠాలన్నీ వంటబట్టాక శ్రీశైలం పెట్టుకోండి. దాదాపు 215 కిలోమీటర్లు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బళ్లు వదలరు, కాబట్టి మన్ననూర్ గేటుకి తొమ్మిదీ ఐదుకి చేరేలా ప్లాన్ చేయండి. గేటు దగ్గరే రాత్రంతా ఏసీ వేసుకుని పడుకుంటే, తెల్లారాక ఎంత మిగిలిందన్న సస్పెన్స్ ఉంటుంది. దారిలో ఎక్కడైనా చార్జింగ్ దొరికి, అదృష్టం బాగుంటే ఆరు శాతంతో డ్యాం దగ్గరికి చేరతారు. ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, కుడిగట్టున ఇంకో 770. మధ్యలో మీరు, చేతిలో చార్జింగ్ కేబుల్. మంచి ఫోటో.

ఇంటికొచ్చాక లెక్క చెప్పడం కూడా ఒక కళే. సోమవారం గ్రాండ్ హోటల్లో చాయ్ దగ్గర మిత్రులు అడుగుతారు. ముప్పై యూనిట్లు, యూనిట్ పది రూపాయలనుకున్నా, అనంతగిరి పోనూ రానూ మూడొందలే అని చెప్పాలి. పెట్రోలు బండివాడి ముఖం చూస్తూ చెప్పాలి. రికవరీ బండికి ఎంతిచ్చావని ఎవరో ఒకరు అడక్క మానరు. అది క్యాంపింగ్ ఖర్చు కిందకి వస్తుంది, కారు ఖర్చు కిందకి రాదు. చిన్నత్త కరెంటు బిల్లు సంగతి ఎత్తితే, ఇంకో చాయ్ చెప్పండి.