అయిదెమ్మెమ్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ‘‘అయిదెమ్మెమ్మే కదా సార్, ఏం కాదు.’’

ప్రతిపదార్థం: సార్ = కొత్త అల్లాయ్ వీల్స్ ఫెండరు లోపలికి నక్కి ఉన్నాయని దిగులుపడుతున్న ఓ కారు యజమానీ; అయిదెమ్మెమ్మే కదా = హబ్బుకూ రిమ్ముకూ నడుమ దూర్చే అల్యూమినియం బిళ్ల (స్పేసరు) మందం అయిదు మిల్లీమీటర్లే కదా; ఏం కాదు = షెడ్డు గేటు దాటేదాకా ఏమీ జరగదు. ‘సార్’ సంబోధన ప్రథమా విభక్తి. ‘ఏం కాదు’కు కర్త కనబడడు, కర్త లేనిచోట పూచీదారును వెతకడం వ్యాకరణ విరుద్ధం.

తాత్పర్యం: చక్రాన్ని స్టడ్లు మోస్తాయనుకోవడం దగ్గరే పేచీ. మోసేది రాపిడి. నట్టు బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. అది మళ్లీ ముడుచుకోబోయే లాగుడే రిమ్మును హబ్బుకు అదిమి పెడుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డును 100 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగిస్తే ఆ అదుము సుమారు నాలుగు టన్నులు. అంత బలాన్నీ పట్టి ఉంచాల్సింది మరచుట్లే. స్టడ్డు ఎంత లావో నట్టు కనీసం అంత లోతుకు దిగాలన్నది లెక్క. చుట్టుకూ చుట్టుకూ నడుమ దూరం 1.5 మిల్లీమీటర్లైతే ఎనిమిది చుట్లు, 1.25 అయితే దాదాపు పది. సాదా స్పేసరు పెట్టగానే ఉన్న చుట్లలో మూడు నాలుగు ఎగిరిపోతాయి. అందుకే నట్లు బిగించే గన్ను పెట్టకముందే నట్టును చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాలి. ఆ సంఖ్య రాకముందే నట్టు కూర్చుంటే స్పేసరు తీసేయాలి, లేదా పొడుగు స్టడ్లు వేయించాలి.

ఇక పూర్వపక్షం: 45 ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి గీతకూ హబ్బుకు ఆనే మొహానికీ నడుమ దూరం, మిల్లీమీటర్లలో) రిమ్ముకు ఈ స్పేసరు తగిలిస్తే 40 ఆఫ్‌సెట్ రిమ్ముతో సమానమే కదా, దాన్ని తప్పు పట్టనివారు దీన్నెందుకు పడతారు? బేరింగు మీది భారం వరకు ఈ వాదానికి తిరుగులేదు. కానీ ఆ 40 ఆఫ్‌సెట్ రిమ్ము మరచుట్లను తినదు, హబ్బు మధ్యలో పొడుచుకొచ్చిన అంచునూ మింగదు. రిమ్మును నట్టనడుమ నిలిపేది ఆ అంచే. మారుతి స్విఫ్ట్‌లో అది 54.1 మిల్లీమీటర్లు, బయట దొరికే రిమ్ముల్లో చాలావాటి రంధ్రం 73.1. ఆ సందు పూడ్చే రింగు ప్లాస్టిక్‌దైనా ఫరవాలేదు, బిగించేదాకా నడుమ నిలబెట్టడమే దాని పని, బరువు మోయదు. అంచును స్పేసరు కప్పేశాక ఆ రింగు దేన్ని పట్టుకుంటుంది? ఇక నడుమ నిలిపే పనంతా నట్ల ఏటవాలు మొహాలదే. అవి రిమ్ము గుంటలకు సరిపడకపోతే (గుండ్రటి గుంటలో కోను నట్టు బిగించే మహానుభావులూ ఉన్నారు) స్టీరింగు వణుకుతుంది.

ఊళ్లో ఎన్ని కార్లు ఇలా తిరగడం లేదు అని రెండో ఆక్షేపణ. తిరుగుతున్నాయి. 185/65 ఆర్15 టైరు కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది. అదుము సడలితే ఆ ప్రతి చుట్టులో స్టడ్డు ఒక్కసారి వంగి లేస్తుంది. ఇనుము అలసిపోవడానికి టైము పడుతుంది గనుక, నిన్నటిదాకా విరగలేదన్నది సాక్ష్యం కింద చెల్లదు.

సొంత స్టడ్లున్న 20 మిల్లీమీటర్ల స్పేసరు మరల విషయంలో సన్నదానికంటే మేలు. అయితే దానికి బిగింపులు రెండు: హబ్బుకు స్పేసరు, స్పేసరుకు రిమ్ము. తుప్పూ పెయింటూ గీకిన మొహాల మీద, ఎదురెదురు నట్లను విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. లోపలి నట్లు చూడాలంటే చక్రం ఊడదీయాల్సిందే, కూలి రెండోసారి ఇవ్వాల్సిందే.