పెద్ద అంబర్‌పేట్ తీరాన త్రీ బెడ్‌రూమ్

హైదరాబాద్ శివార్లలో, విజయవాడ హైవే మీద, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఓ పాత అపార్ట్‌మెంట్ ఉందనుకోండి. స్లాబు పెచ్చులూడుతోంది, లిఫ్టు సగం రోజులు రిపేర్‌లోనే. దీన్ని కూల్చి 'కోస్టల్ హోమ్స్' కడతానని ఓ బిల్డర్ బ్రోచర్ పట్టుకొచ్చాడు. ముఖచిత్రం మీద నీలి కెరటాలు, తెల్ల బాల్కనీ, ఇసుకలో కుర్చీ.

"సముద్రం ఏడుంది బిడ్డా?" అన్నారు అసోసియేషన్ మీటింగ్‌లో రిటైరైన మాస్టారు.

"రోడ్డు చివర్ల సార్. ఈ 65 నంబర్ హైవే బందరు, అదే మచిలీపట్నం దాకా పోతది."

నిజమే. బాల్కనీకీ బీచ్‌కీ మధ్య 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం, దారిలో టోల్ గేట్లు, అంతే.

అయినా మనకు తీరం లేదనడం అన్యాయం. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. నగరంలో కాలనీల్లోకే పడవలొచ్చాయి. సరూర్‌నగర్ చెరువు కింది ఇళ్లకు రోజుల తరబడి నీళ్లే ఇరుగుపొరుగు. గొలుసుకట్టు చెరువులు పూడ్చి, నాలాల మీద గోడలు కట్టి మనం కష్టపడి సంపాదించుకున్న సముద్రమది.

మరి బిల్డర్ చెరువును వదిలి సముద్రం మీద ఎందుకు పడ్డాడు? 2024 జులైలో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక 'లేక్ వ్యూ' అంటే కొనేవాడికి బుల్డోజర్ కనబడుతోంది. లేని సముద్రానికి ఎఫ్‌టీఎల్ (నిండు నీటి హద్దు) ఉండదు, బఫర్ జోన్ ఉండదు. విశాఖలో నిజమైన తీరాన కట్టాలంటే సీఆర్‌జడ్ (తీర నియంత్రణ) నిబంధనలు అడ్డొస్తాయి. సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్న మనకు ఆ బెడదా లేదు.

మాస్టారు మళ్లీ లేచారు. "కెరటాలు సరే, యూడీఎస్ ఎంత? భూమిలో మా వాటా?"

బిల్డర్ ఏసీ పెంచమన్నాడు. అంతస్తులు పెరిగి కొత్త ఫ్లాట్లు వస్తే ఒక్కొక్కరికీ దక్కే భూమి వాటా తగ్గుతుంది. పాత ఇంటికి అసలు విలువ ఆ భూమిదే. బ్రోచర్‌లో కుర్చీ రంగు ఉంది గానీ, ఆ లెక్క ఏ పేజీలోనూ లేదు.

కాబట్టి పాత ఇల్లు అప్పగించే ముందు యూడీఎస్ ఎంతో, కట్టినన్నాళ్లూ అద్దె ఎవరిస్తారో, ఆలస్యమైతే పరిహారమెంతో ఒప్పందంలో రాయించుకోండి. రెరా నంబరు చూడండి. వాననీళ్లు ఏ నాలాలోకి పోతాయో అడగండి. సముద్రం చూడాలనిపిస్తే బందరు బస్సెక్కండి, చవక.