ఒక్క రాత్రి అరణ్యవాసము

శ్రీరామచంద్రుడు పదునాలుగేండ్ల వనవాసమునకు బయలుదేరుటకు ఒక్క దినము చాలినది. నల్లగొండ పట్టణమునందలి మా కాలనీ మిత్రబృందము నల్లమలలో ఒక్క రాత్రి గుడారము వేసికొని నిద్రించుటకు దసరా నాడు ఆరంభించిన సన్నాహము మాత్రము సంక్రాంతి సమీపించినను ముగియలేదు. ఇందుకు వారి అలసత్వమే హేతువనుట అన్యాయము. శ్రీరామునకు వాట్సాపు గ్రూపు లేదు. నారచీరలు ఏ రంగువి కొనవలెనని అయోధ్యలో ఎవరును ఓటింగు పెట్టలేదు.

దేవరకొండ దాటి, డిండి జలాశయమును చూచుకొనుచు, హాజీపూరు మీదుగా మన్ననూరు చేరిన యాత్రికునకు ఎదురగు కొండలు సామాన్యములు కావు. 2014లో రాష్ట్రము విడివడినప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యము కూడ పాలుపడి, కృష్ణకు ఈవలి భాగము అమ్రాబాద్ పేరున వేరుపడినది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన ఆ అరణ్యములో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతము, అనగా పులిగారి సొంత యిల్లు. ఫరహాబాదు కొండమీద నిజాముల కాలపు వేటవిడిది శిథిలములు నేటికిని కలవు. ఆనాటి ప్రభువులు పులిని కాల్చుటకు పోయిరి. మా మిత్రులు పులితో సెల్ఫీ దిగుటకు పోదలచిరి. ఈ రెంటిలో ఏది ఆ మృగమునకు అధిక క్లేశకరమో నిర్ణయించుట కష్టము.

ప్రకృతిమాత ఒడిలో సేదతీరుటయే యాత్రాలక్ష్యమని మొదటి సమావేశమున ఏకగ్రీవముగా తీర్మానింపబడెను. రెండవ సమావేశము నుండి ఆ మాతకు షరతులు విధించుట మొదలయ్యెను. "టెంటు పక్కన్నే కారు ఆగాలె, నడుసుడు నాతోని కాదు" అని ప్లాట్ల వ్యాపారి యనగా, "సిగ్నల్ ఎట్లుంటదో ముందు అరుసుకోండ్రి" అని బ్యాంకు ఉద్యోగి హెచ్చరించెను. బ్లూటూత్ స్పీకరు, జెనరేటరు, దోమల బ్యాటు, ఇడ్లీ కుక్కరు, కబాబు సీకులు, బొగ్గులబస్తా, వంద నీళ్ల ప్యాకెట్లు క్రమముగా జాబితా కెక్కెను. "పిల్లలు భయపడ్తరు, రాత్రంత లైట్లుండాలె" అన్న సవరణకు కూడ ఆమోదము లభించెను. వెరసి, పట్టణమును విడిచిపోవ సంకల్పించినవారు పట్టణమునే మూటగట్టుకొని పోవ నిశ్చయించిరి.

మన్ననూరిలో అడవిదారి చూపు చెంచు యువకునికి ఫోను చేసి ఆ జాబితానంతయు చదివి వినిపించిరి. అతడు ఓపికగా విని, "ఎన్ని నెలలుంటరు సార్?" అని అడిగెను.

పిదప అతడు నిబంధనలు చెప్పసాగెను. శ్రీశైలపు రహదారిలో అడవినడిమి భాగమున రాత్రి 9 మొదలు ఉదయము 6 వరకు వాహనములను కదలనీయరు. కోర్ ప్రాంతమున తోచినచోట గుడారము వేయుటకు వీలులేదు. అటవీశాఖవారి కాటేజీ ముందుగా బుక్ చేసికొని అందే పడుకొనవలెను. ప్లాస్టిక్ నిషిద్ధము. ఎండుగడ్డి నడుమ నిప్పు రాజేసి అడవికి ముప్పు తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. మద్యము మాట ఎత్తనే వలదు. "అన్నీ బందైతే ఇగ అడివిల ఏముంటదిరా?" అని మా వ్యాపారి మిత్రుడు నిట్టూర్చెను. అడవిలో అడవి యుండునన్న సంగతి ఆ సభలో ఎవరికిని స్ఫురింపలేదు.

వీరికి నల్లమలపై ప్రేమ లేదనరాదు. 2019లో యురేనియము కొరకు ఆ కొండలను తొలుచుదురని వార్త పుట్టి, తవ్వకములు వలదని శాసనసభ తీర్మానించిన దినములలో, వీరందరును 'సేవ్ నల్లమల' అని ఫోటోలు మార్చుకొన్నవారే. రక్షింపబడిన నల్లమలలో బొగ్గులబస్తాకు చోటు లేకపోవుట వారికిప్పుడు బాధాకరముగా నున్నది.

నిజముగా ఆ అడవిలో గుడారము వేసికొన్నవాడొకడు కలడు. ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ 1940లో చెంచుపెంటల నడుమ మకాము పెట్టి, తేనె తీయుటను, గడ్డలు తవ్వుటను కన్నులార చూచి, 1943లో ఆ జనులపై గ్రంథము వెలువరించెను. నేటికిని చైత్రపౌర్ణమికి సలేశ్వరము జాతర సాగినన్నాళ్లు, రొట్టెలమూట చంక బెట్టుకొన్న ముసలమ్మలు సయితము "వస్తున్నం లింగమయ్యా" యని కేకవేయుచు రాళ్లబాట వెంట లోయలోనికి దిగుదురు. వారిలో ఎవరును చార్జింగు పాయింటు గూర్చి విచారింపరు.

వీరందరికంటె ముందునుండి అక్కడ బ్రదుకుచున్న చెంచుల సంగతి మరియు విచిత్రము. పులికి ఏకాంతము కావలెనని కోర్ ప్రాంతపు కుటుంబములు స్వచ్ఛందముగా వెలికి వచ్చినచో ఒక్కొక్క కుటుంబమునకు 15 లక్షల రూపాయల పరిహారమని ప్రభుత్వపు పథకము. అడవిలో పుట్టి, పులి అడుగును చూచి అది పోయిన దిక్కును చెప్పగలవానికి వెళ్లుటకై ధనమిత్తురు. అడవి యన్నచో యేమో యెరుగని మనయొద్ద రూకలు పుచ్చుకొని రమ్మందురు. పులి అభిప్రాయము నడిగినవారు లేరు గాని, దానికి నోరున్నచో ఈ ఏర్పాటును తలక్రిందులు చేయుమని అర్జీ పెట్టియుండును.

తుదకు మా బృందము డిండికి ఇవతలనే ఒక ఫామ్‌హౌసును కుదుర్చుకొనెను. అందు ఏసీ గుడారము, కృత్రిమ జలపాతము, గేటు కడ నోరు తెరచుకొని నిలుచున్న సిమెంటు పులి కలవు. ఆ నోరు చెత్తబుట్ట. నల్లమలకు ఈ సంవత్సరము జరిగిన ఉపకారములలో ఇది పెద్దది.

అయినను నిజముగా పోదలచిన పాఠకులు ఉందురు గావున ఒక మాట. చీకటి పడకముందే మన్ననూరు చేరుడు, దారి చూపు చెంచువానికి కూలి నిండుగా ఇండు, తీసికొనిపోయిన ప్రతి కాగితమును తిరిగి ఇంటికి తెండు. ఆ అడవికి కావలసినవి మూడే: స్టీలు సీసాలో నీళ్లు, గట్టి చెప్పులు, మూసికొన్న నోరు. మొదటి రెండును అంగడిలో దొరకును.