జాలీ కమ్మీలు

నేను 24 అంగుళాల నల్ల సైకిల్ని. నల్గొండలో ఒక దర్జీ నన్ను కొన్న రోజుల్లో నా హ్యాండిల్‌కి మున్సిపాలిటీ బిళ్ల ఉండేది. ఏటా పన్ను కట్టాల్సి వచ్చేది. రాత్రిపూట దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు, డబుల్స్ ఎక్కించుకుంటే దింపేవాడు. ఇబ్బందే కానీ, రోడ్డు మీద నేనూ ఒక బండినన్న లెక్క ఉండేది.

ఇప్పుడు దర్జీ కొడుకు నన్ను హైదరాబాదులో తొక్కుతున్నాడు. పుప్పాలగూడ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా వెళ్లి, ఒక అపార్ట్‌మెంటుకి రాత్రి కాపలా కాస్తాడు. అతను ఒంటరివాడేం కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో వ్యవసాయం కాక వేరే పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం మంది పనికి సైకిలు మీదే వెళ్లారు.

వాళ్ల కోసం రాసిన మాట ఒకటుంది. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు మీద చోటు పంచేటప్పుడు బండ్లకంటే మనుషులను ముందు చూడమంది. ఎంత మంచి మాట! ఢిల్లీలో 2008లో 5.8 కిలోమీటర్ల బస్ కారిడార్ పక్కనే సైకిళ్లకు విడిగా దారి వేశారు. 2016లో ఆ కారిడార్‌నే తీసేయడం మొదలుపెట్టారు.

కాగితం మీది మాట నా దాకా రావాలంటే ఏం కావాలో నాకు ఒక జాలీ నేర్పింది. వానాకాలం, ఒక రోడ్డు పక్కన మురుగుకాలువ మీద ఇనప జాలీ. దాని కమ్మీలు మేం వెళ్లే దిక్కుకే నిలువుగా ఉన్నాయి. నీళ్లు నిండి కనపడలేదు. నా ముందు చక్రం రెండు కమ్మీల సందులో దిగబడింది, అతను హ్యాండిల్ మీంచి ఎగిరి పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

పంక్చర్ షాపు పెద్దాయన చక్రం తిప్పి చూశాడు. "ఫోర్కు వంగింది బిడ్డా. రిమ్ము బెండు తీస్తా, నాలుగు పుల్లలు మార్చాలె." రోజు కూలి అక్కడే పోయింది. అదే జాలీని అడ్డంగా తిప్పి బిగిస్తే చక్రం దాని మీదుగా దొర్లిపోయేది. ఒక్క పైసా ఎక్కువ ఖర్చు లేదు. విధానం గెలిచేదీ ఓడేదీ ఇక్కడే అని నా గట్టి నమ్మకం: జాలీ దిక్కులో, గట్టు ఎత్తులో, కూడలి దగ్గర గీత ఆగిపోకుండా సాగడంలో.

2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల నీడ. ఒక ఉదయం డ్యూటీ దిగి అతను నన్ను దాని మీదికి తీసుకెళ్లాడు. హారన్ లేదు, వెనక లారీ లేదు. నా చైను చప్పుడు నాకే వినిపించింది. చాలా ఏళ్ల తర్వాత అతను రెండు చేతులూ వదిలి తొక్కాడు.

కానీ అతని ఇల్లు ట్రాక్ మీద లేదు. బస్తీ దారిలో మోకాలి ఎత్తు గట్టు ఒకటి ఉంది. రోజూ దిగి, నన్ను భుజాన వేసుకుని దాటించేవాడు. మొన్న ఆదివారం పంక్చర్ షాపు పెద్దాయనా అతనూ కలిసి రెండు తట్టల సిమెంటు కలిపి ఆ గట్టుకి వాలు పోశారు. పక్కన నిలబెడితే చూస్తూ ఉన్నాను. తాపీతో నున్నగా రుద్ది, పైన గోనెసంచి తడిపి కప్పారు. ఇంకా ఆరలేదని, ఆ రోజు కూడా నన్ను ఎత్తుకునే దాటించాడు.